బొంత మీద పంచాయితీ

అటక మీంచి బొంతని దించింది మా చెల్లి. రాజమండ్రిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కోరుకొండ తీర్థానికి వచ్చి, నరసింహస్వామి మెట్లెక్కి దిగేసరికి మోకాళ్ళు పట్టేశాయని మా ఇంట్లో ఆగిపోయింది. ఆ మోకాళ్ళతో అటకెలా ఎక్కిందో అడక్కండి. ఇత్తడి గంగాళం వెనక, గోనెసంచిలో, మా అమ్మ కుట్టిన బొంత ఉంది. దాన్ని తీసుకెళ్ళి అద్దాల బీరువాలో పెట్టిస్తానంటుంది చెల్లి. కొత్త బొంత ఒకటి మొదలుపెట్టబోతున్నాను, దీన్ని లోపల పరిచి కుట్టేస్తానంటుంది మా ఆవిడ. ఇద్దరికీ సర్దిచెప్పగలిగిన అమ్మ లేదు. పడక్కుర్చీలో నేనున్నాను గానీ నేను లెక్కలోకి రాను. విన్నది విన్నట్టు రాస్తున్నాను. మా ఆవిడ మాటలు మాత్రం కొన్ని తగ్గించాను.

చెల్లి: ఆ కత్తెర పక్కన పెట్టు వదినా. ఇది అమ్మ చేతి పని. మళ్ళీ పుట్టదు.

ఆవిడ: కత్తెర దారానికమ్మా, బొంతకి కాదు. దీన్ని విప్పను కూడా. ఉన్నదున్నట్టు పరిచి, పైనొక చీర, కిందొక చీర వేసి కుడతాను. మరో పాతికేళ్ళు పనికొస్తుంది.

చెల్లి: పనికి రావడమేనా దాని గొప్ప? బయటి దేశాల్లో ఇలాంటివి గోడలకి వేలాడదీస్తున్నారు.

ఆవిడ: గోడకి చలేస్తుందా ఏం?

చెల్లి: నవ్వకు. 1971లో న్యూయార్కులో విట్నీ మ్యూజియం వాళ్ళు అమెరికా పల్లెల బొంతలు తెచ్చి గోడలకి పెట్టారు. జొనాథన్ హోల్‌స్టీన్, గేల్ వాన్ డర్ హూఫ్ అని ఇద్దరు ఏరి పోగుచేసినవి అవి. మంచం మీద పరిచేది గోడ మీదికి వెళ్ళేసరికి చూసేవాళ్ళ కళ్ళే మారిపోయాయి. పేరున్న చిత్రకారులు వేసే గళ్ళూ గీతలూ ఊళ్ళో ఆడవాళ్ళు అంతకు ముందే కుట్టేశారని అప్పుడు గుర్తుపట్టారు. 2002లో అదే మ్యూజియానికి గీస్ బెండ్ బొంతలు వచ్చాయి. అలబామా రాష్ట్రంలో ఊరది. మన లంకల్లాగే మూడు పక్కలా నది. పత్తి తోటల్లో బానిసలుగా బతికినవాళ్ళ మనవరాళ్ళూ మునిమనవరాళ్ళూ కుట్టిన బొంతలు. పొలంలో తొడిగే ప్యాంట్లు మోకాళ్ళ దగ్గర చిరిగిపోతే, చిరగని మేర కోసుకుని అతికేవారు. జేబు ఊడదీసిన చోట ఎండ తగలక రంగు ముదురుగా ఉండిపోతుంది చూడు, ఆ మచ్చలే వాళ్ళ బొంతలకి అందం. 2006లో ఆ బొంతల బొమ్మలతో అమెరికా తపాలా బిళ్ళలు వేసింది.

ఆవిడ: లంక ఊరంటున్నావు. పంటు ఉండేదా?

చెల్లి: ఉండేది. ఓటు రాయించుకోవడానికి నల్లవాళ్ళు అవతలి ఒడ్డుకి పోతున్నారని 1962లో ఆపేశారు. మళ్ళీ 2006లో నడిచింది.

ఆవిడ: బిళ్ళ వేసిన ఏడే పంటూ వచ్చిందన్నమాట. నలభై నాలుగేళ్ళు మనుషుల్ని రేవు దాటనివ్వలేదు. వాళ్ళ బొంతలు మాత్రం న్యూయార్కు దాకా దాటేయి. దీనికి నేను సంతోషించాలా?

చెల్లి దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. కాఫీ తాగింది.

చెల్లి: సంతోషించక్కర్లేదు. కానీ ఆ బొంతలు గోడకెక్కబట్టే పంటు సంగతి నాకు తెలిసింది, ఇక్కడ కూర్చుని నీకు చెప్పగలిగాను. అది కూడా లెక్కే కదా.

ఆవిడ: ఏమో. మా పుట్టింట్లో పెళ్ళివారొస్తున్నారంటే ముందు బొంతలు అటకెక్కించేవాళ్ళు. ఎదురింట్లో దుప్పట్లు అడిగి తెచ్చి మంచాల మీద పరిచేవాళ్ళు. ఇంట్లో లేమి అంతా బొంత దగ్గరే బయటపడుతుందని మా నాన్న భయం. తీరా పెళ్ళయి ఇక్కడికొచ్చి చూస్తే మీ అటక మీదా బొంతలే! కుట్టడమంటే నాకు ప్రాణం, కాదనను. బొంత మీద భక్తి అంటావా, అది మాత్రం లేదు. నల్లులు ఏరినదాన్ని, పిల్లల ఉచ్చ వాసన పోయేదాకా ఉతికినదాన్ని. తడిసిన బొంత బరువెంతో చరిత్ర పుస్తకంలో ఉండదు.

చెల్లి: లేనివాళ్ళే కుట్టుకున్నారనుకోకు. సిసిలీలో 14వ శతాబ్దంలో ట్రిస్టన్ అనే వీరుడి కథంతా బొమ్మలుగా ఉబ్బెత్తుగా కుట్టిన బొంతలున్నాయి. ఒకటి లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, ఒకటి ఫ్లారెన్సులో. మన కోరుకొండని ముమ్మడి నాయకుడు ఏలిన శతాబ్దమది.

ఆవిడ: మరి ముమ్మడి నాయకుడు కప్పుకున్నదేదీ?

చెల్లి: మిగల్లేదు.

ఆవిడ: రాజుగారిదే మిగలకపోతే ఆయన గుర్రాలకి గడ్డేసినవాడిది మిగులుతుందా?

చెల్లి: మన బట్ట మిగిలింది వదినా, మన దగ్గర కాదు గానీ. 1611లో ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టారు. అంతకు ముందే డచ్చివాళ్ళు వచ్చారు. తర్వాత ఈ గోదారి పాయల వెంట అందరూ చేరిపోయారు. పాలకొల్లు, ద్రాక్షారామం డచ్చివాళ్ళవి. ఇంజరం, నరసాపురం పక్కన మాధవాయపాలెం ఇంగ్లీషువాళ్ళవి. యానాం ఫ్రెంచివాళ్ళది. అందరూ బట్ట కోసమే. కరక్కాయ నీళ్ళలో ముంచి, పటిక రాసి, చిరువేరుతో ఉడకబెట్టిన ఎరుపు ఎన్ని ఉతుకులకీ పోలేదు. అలాంటి ఎరుపు వాళ్ళకి చేతకాలేదు. మన అద్దకం దుప్పట్లంటే అక్కడి దొరసానులకి పిచ్చెక్కింది. వాళ్ళ నేతగాళ్ళు గగ్గోలు పెడితే ఫ్రాన్సు 1686లో అద్దకం బట్టని నిషేధించింది, 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టి చట్టం చేసింది. అంత గిరాకీ ఉన్న బట్టలో ముక్క వృథా చేస్తారా? ఇంగ్లండులో లెవెన్స్ హాల్ అనే భవంతిలో ఒక అతుకుల బొంత ఉంది. 18వ శతాబ్దం మొదట్లోది. ఆ దేశంలో మిగిలిన అతుకుల బొంతల్లో అంత పాతవి అరుదు. అందులోవన్నీ ఇండియా అద్దకం ముక్కలే.

ఆవిడ: మూడొందల ఏళ్ళా! ఎలా నిలిచింది?

చెల్లి: జాగ్రత్తగా చూసుకున్నారు.

ఆవిడ: కాదు. కప్పుకోలేదు. రోజూ కప్పుకుంటే బొంతకి పదేళ్ళు, మహా అయితే పదిహేను. మూడొందల ఏళ్ళు నిలిచిందంటే ఆ ఇంట్లో చలికి వేరే ఏదో ఉందన్నమాట. ఇది పెట్టెలో దాచి చుట్టాలొస్తే తీసేదై ఉంటుంది.

చెల్లి: అది నిజమే. చుట్టాల బొంతే మిగులుతుంది, పిల్లల బొంత అరిగిపోతుంది. మ్యూజియంలో ఉన్నవి చూసి పాతకాలం వాళ్ళందరూ ఇలాంటివే కప్పుకున్నారనుకుంటే తప్పు. మా క్లాసులో నాణేల గురించి ఇదే చెప్పేదాన్ని, దొరికింది పాతిపెట్టిన డబ్బు, ఖర్చయిన డబ్బు కాదని.

ఆవిడ: మీ అమ్మ కుట్టింది కప్పుకోవడానికి. అద్దాల వెనక పెడితే దాని జాతే మారిపోతుంది.

ఇక్కడ నేను, ఈ గొడవ అలా ఉంచండి, అసలు సూది పట్టుకుని గంటలు గంటలు కూర్చోడంలో ఏముంది అని అడిగాను. ఇన్నేళ్ళ కాపురంలో అంతవరకూ అడగని ప్రశ్న. చెల్లి కూడా చాప మీదికి జరిగింది.

ఆవిడ: వంట చేస్తే ఎప్పుడవుతుందని అడుగుతారు. ఇల్లు సర్దితే అక్కడ దుమ్ముందంటారు. బొంత ఎప్పుడవుతుందని ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. అదీ దాని సుఖం. ముందు చీరలు ఏరుకోవాలి. నేత చీరై, గంజంతా పోయి, ఉతుకు మీద ఉతుకు పడి మెత్తబడి ఉండాలి. కొత్త బట్ట సూదికి ఎదురు తిరుగుతుంది, పాత బట్ట దారి ఇస్తుంది. అయిదున్నర మీటర్ల చీర మూడు మడతలేస్తే ఆరడుగులు, సరిగ్గా ఒక మనిషి పడుకునేంత. చాప మీద అలా ఒకదాని మీద ఒకటి పరిచి, మూలలకి ఇటుకలు పెట్టి, ముడత లేకుండా అరచేత్తో నిమురుతాను. చీరలు మళ్ళీ మన చేతిలోకి వచ్చేది అప్పుడే. ఇది సీమంతానిది, ఇది పుష్కరాలకి కొన్నది, ఇది మీ అన్నయ్య రంగు తెలీక తెచ్చింది.

చెల్లి: ఆ గోధుమరంగుదేనా?

ఆవిడ: అదే. లోపల అడుగున వేశాను, కనబడదు. పరిచాక కదలకుండా దూరం దూరంగా కచ్చా కుట్టు వేసి, చుట్టూ అంచు దగ్గర మొదలుపెట్టి లోపలికి లోపలికి వస్తాను. కుట్టు మరీ దగ్గరైతే బొంత అట్ట కట్టేస్తుంది. మరీ దూరమైతే ఉతికినప్పుడు లోపలి బట్ట ఓ మూలకి ఉండ చుట్టుకుపోతుంది. వరసకీ వరసకీ మధ్య బట్ట కొంచెం ఉబ్బాలి. ఆ ఉబ్బులో నిలిచిన గాలే వెచ్చదనం. దారానికి కొవ్వొత్తి రాస్తే మెలిపడదు. దారం అయిపోయినప్పుడు తలెత్తి చూస్తే పొద్దు ఎటో వెళ్ళిపోయి ఉంటుంది. ఒంటరిగా కుడితే అలా. నలుగురం నాలుగు పక్కలా కూర్చుంటే ఆ సుఖమే వేరు. ఎవరి కళ్ళు వాళ్ళ సూది మీదుంటాయి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడక్కర్లేదు. అప్పుడు నోటికి భయం పోతుంది. కోడళ్ళు అత్తల సంగతి చెబుతారు, అత్తలు వాళ్ళ అత్తల సంగతి చెబుతారు. మీ అమ్మ నాతో మనసిప్పి మాట్లాడింది బొంత దగ్గరే, వంటింట్లో ఎప్పుడూ లేదు.

చెల్లి: ఇదంతా ఎక్కడా రాసి లేదు వదినా.

ఆవిడ: మీ అన్నయ్య రాస్తున్నాడుగా. ఇప్పుడేమో అందరివీ పాలిస్టరు చీరలు. జారతాయి, చెమట పీల్చవు. మెత్తబడవు కూడా, పాతబడ్డమే. సంక్రాంతికి గంగిరెద్దులవాడు వస్తే పాత చీర వేద్దామన్నా మంచి నేతది దొరకడంలేదు. ఎద్దు మీద రంగురంగుల బొంత తళతళా మెరుస్తుంది, ముట్టుకుంటే ప్లాస్టిక్కు.

చెల్లి బొంత ఇటూ అటూ తిప్పి చూస్తోంది. ఒక మూల ఆగింది.

చెల్లి: ఈ మూలకి పచ్చటి ముక్క ఒక్కటే వేసింది చూడు. అమ్మ పుట్టింటి పొలం గుర్తుగా అయ్యుంటుంది.

ఆవిడ: అక్కడ ఎలక కొరికింది. మాసిక వేసింది. నా ఎదురుగానే.

చెల్లి నవ్వింది. నవ్వడం వచ్చిన చరిత్రకారులు తక్కువని నా అభిప్రాయం.

చెల్లి: నాకు కావలసిందే. 1999లో అమెరికాలో ఒక పుస్తకం వచ్చింది. పారిపోయే బానిసలకి దారి చెప్పడానికి బొంతల మీద రహస్య గుర్తులు కుట్టి ఆరేసేవారని. అందరికీ నచ్చింది, బడుల్లో చెప్పేశారు. చరిత్రకారులు వెతికితే ఆనాటి ఆధారం ఒక్కటీ దొరకలేదు. కథ బాగుందని బొంత సాక్ష్యం చెప్పదు. కానీ అర్థంతో వేసిన అతుకు ఒకటుంది, అది గ్రంథంలోనే ఉంది. బౌద్ధుల వినయపిటకంలో. మగధలో గట్లు గట్లుగా ఉన్న వరి మళ్ళు చూపించి, భిక్షువుల చీవరాలు ఇలా కుట్టగలవా అని బుద్ధుడు ఆనందుణ్ణి అడిగాడట. ఆనందుడు కుట్టి చూపించాడు. ముక్కలు మళ్ళు, అతుకులు గట్లు. బట్ట కోసి ముక్కలు చేస్తే దొంగలకి పనికిరాదు, కట్టుకున్నవాడికి దాని మీద మోజూ ఉండదు. మన ఆదుర్రు బౌద్ధ స్తూపం దగ్గర తిరిగిన భిక్షువులూ ఆ అతుకుల బట్టే కట్టి ఉంటారు.

ఆవిడ: ఇది బాగుంది. మన కొండ మీంచి చూస్తే పొలాలు అలాగే ఉంటాయి. గట్టు వెంట కుట్టుకు రావడమేనన్నమాట. చూశావా, ఆయన కూడా కట్టుకోడానికే కుట్టించాడు.

చెల్లి: పాతబడితే పారేయమనలేదుగా! సరే, ఇంకోటి విను. కలకత్తా దగ్గర గురుసదయ్ మ్యూజియంలో మానదాసుందరి దాసి అనే ఆవిడ కాంథా, అంటే బెంగాలీ బొంత, ఉంది. 19వ శతాబ్దంలో తండ్రి కోసం కుట్టింది. అదీ పాత బట్టే. దాని మీద సిపాయిలూ దొరలూ ఉన్నారు, ఆవిడ పేరూ ఉంది. అమ్మ ఈ బొంత మీద పేరు కుట్టలేదు. నువ్వు దీన్ని లోపల పెట్టి కుట్టేస్తే ఇక అమ్మ ఏదీ?

ఆవిడ: పేరెందుకు, కుట్టు చూడు. మీ అమ్మ కుట్టు ప్రతిదీ కొంచెం ఎడమకి ఒరుగుతుంది. చూపుడు వేలు వంకర కదా ఆవిడకి. ఈ వరస నాది, పెళ్ళయిన కొత్తలో వేసింది. గింజలు జల్లినట్టుంది. ఆవిడ విప్పమనలేదు. నాకు చదవడం వచ్చినంతవరకూ పేరు ఉన్నట్టే.

చెల్లి: నీ తర్వాత?

దీనికి మా ఆవిడ మాట మార్చింది. మార్చిందని రాయడం నా ధర్మం.

ఆవిడ: నువ్వు నన్ను బొంతలు అమ్మమన్నావు కదా నిన్న. అది చెప్పు.

చెల్లి: అవును. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బొంతకెందుకు రాకూడదు?

ఆవిడ: లేసు సంగతి నాకు చెబుతావా? నా పుట్టిల్లే ఆ పక్క. మా అమ్మ అల్లేది. ఏజెంటు దారం ఇచ్చేవాడు, అల్లిక పట్టుకుపోయేవాడు. అది ఏ దేశం పోయిందో, ఎంతకి పోయిందో అమ్మకి తెలీదు. తీరిక వేళ పని కదా, అంతకంటే ఎవరిస్తారనేవాడు. అమ్మకి తీరిక ఎప్పుడుందో నేను చూళ్ళేదు.

చెల్లి: మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ ఆ మాటే పుస్తకంగా రాసింది, 1982లో. ఇంటి ఆడవాళ్ళు ఖాళీగా కూర్చోలేక చేసే పని అని పేరు పెట్టి, ఆ పేరు అడ్డం పెట్టుకుని కూలి కొట్టేశారని.

ఆవిడ: మరి నన్ను అందులోకి దిగమంటావేం? ఒక్క బొంతకి నెలకి పైగా మధ్యాహ్నాలు పడతాయి. ఉపాధి హామీ కూలి లెక్కేసి ధర చెబితే, కొనేవాడు పక్క కొట్లో బొచ్చు బ్లాంకెట్టు కొనుక్కుపోతాడు. పాత బొంతకి మీవాళ్ళు అంత ధర ఎందుకు పెడతారో తెలుసా? కుట్టినావిడకి కూలి ఇవ్వక్కర్లేదు.

చెల్లి: అది మరీ అన్యాయం. కొందరు బతికున్నవాళ్ళ దగ్గరే కొంటారు.

ఆవిడ: కొననీ. నేను అమ్మను. నా మధ్యాహ్నాలు నాకుండనీ.

ఇంతలో చెల్లి బొంత అంచు దగ్గర చిరుగులోకి కళ్ళజోడు సర్దుకుని చూసింది. వేలు పెట్టి వెడల్పు చేసింది. మా ఆవిడ కూడా వంగింది.

చెల్లి: వదినా, లోపల ఇంకో కుట్టుంది.

ఆవిడ: ఏదీ? అవును. ఇది మీ అమ్మది కాదు. దారం చూడు, బజారుది కాదు, చీర అంచులోంచి పీకిన పోగు. కుట్టు ఎంత సన్నం! మీ నాయనమ్మది అయ్యుంటుంది. మీ అమ్మ ఆవిడ బొంతని లోపల పెట్టి కుట్టింది. చెప్పు మరి, మీ అమ్మ తప్పు చేసిందా?

చెల్లి: అమెరికాలోనూ ఇలా దొరికాయి, బొంతలో బొంత. సరే, అమ్మ పెట్టబట్టే నాయనమ్మది మిగిలింది, ఒప్పుకున్నాను. వెలుతురు తగల్లేదు, అందుకే ఆ నీలం ఇంకా నీలంగానే ఉంది. మ్యూజియాల్లో బట్టల మీద 50 లక్సుకి మించి వెలుతురు పడనివ్వరు, ఎండ రంగుని తినేస్తుందని. నువ్వు మాత్రం రోహిణీ కార్తెలో డాబా మీద ఆరేస్తావు.

ఆవిడ: ఆరెయ్యకపోతే ముక్కిపోతుంది. అప్పుడు రంగూ ఉండదు, బట్టా ఉండదు. సరే, దీన్ని లోపల పెడితే వెలుతురు తగలదు కదా. నీ మ్యూజియం కంటే నా బొంతే చీకటి. పైకి మాత్రం మంచి నేత చీర కావాలి. నీ దగ్గరుంది, మీ అమ్మ ఎర్రంచు చీర.

చెల్లి: అది ఇవ్వను.

ఆవిడ: ఎలా దాచావు?

చెల్లి: బీరువాలో, మడతపెట్టి. కలరా ఉండలు వేసి.

ఆవిడ: మడత మారుస్తున్నావా?

చెల్లి: మొన్న తీసి చూశాను. మడత మీద చిట్లింది. రెండు చోట్ల.

ఆవిడ: మరి?

చెల్లి: నడిమి బట్ట ఇస్తాను. అంచులు నావి.

ఆవిడ: అంచు లేకుండా చుట్టూ ఏం పెట్టను, నా మొహమా?

చెల్లి: ఒక అంచు నీకు, ఒకటి నాకు.

ఆవిడ: ఆరడుగుల పొడవు, మూడుముప్పావు వెడల్పు. చుట్టూ పంతొమ్మిదిన్నర అడుగులు. ఒక అంచు పొడవు పద్దెనిమిది. అడుగున్నర తక్కువ.

చెల్లి: రెండో అంచులోంచి ఆ అడుగున్నర కోసుకో. కుచ్చిళ్ళ వైపు నుంచి కొయ్యి, కొంగు వైపు ముట్టుకోకు.

ఆవిడ: కుచ్చిళ్ళ వైపు నేలకి రాసుకుని ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది. నాకు కొంగు వైపే కావాలి.